చాన్సెల్ ఇన్సూరెన్స్: ఇంగ్లండ్‌లో ఇల్లు కొనేటప్పుడు ఇది ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు

ఇంగ్లండ్‌లోనో వేల్స్‌లోనో ఇల్లు కొనేవాళ్ళకు సొలిసిటర్ పంపే ఖర్చుల పట్టీలో లోకల్ అథారిటీ సెర్చ్, డ్రైనేజ్ సెర్చ్, ఎన్విరాన్‌మెంటల్ సెర్చ్ తర్వాత ఇంకో చిన్న పద్దు ఉంటుంది. కొన్నిచోట్ల దాన్ని చాన్సెల్ సెర్చ్ అంటారు, కొన్నిచోట్ల చాన్సెల్ ఇండెమ్నిటీ పాలసీ అంటారు. పాత చర్చి మరమ్మతు బిల్లు ఇంటి యజమాని మీద పడే ప్రమాదం గురించినది ఇది. మొత్తం సాధారణంగా పది నుంచి యాభై పౌండ్ల మధ్య. స్టాంప్ డ్యూటీ వేలల్లో కట్టబోతున్నవాళ్ళు దాన్ని చదవకుండానే సరే అనేస్తారు. అలా అనకండి. కొందరికి ఆ డబ్బు వృథా. ఇంకొందరికి మాత్రం ఇంటి ధరలో సగం పోకుండా కాపాడేది ఆ కాగితమే. మీరు ఏ కోవలోకి వస్తారో చాలావరకు ఒక్క తేదీ చెప్పేస్తుంది: 2013 అక్టోబరు 13.

ముందు అసలు విషయం. పాత ఇంగ్లిష్ చర్చిలో బలిపీఠం ఉండే తూర్పు భాగాన్ని చాన్సెల్ అంటారు, జనం కూర్చునే భాగాన్ని నేవ్ అంటారు. మన గుడితో పోలిస్తే ఒకటి గర్భగుడి వైపు, ఒకటి మండపం వైపు. మండపం బాగు ఊరివాళ్ళు చూసుకోవాలి, గర్భగుడి వైపు బాగు రెక్టర్ (ఆ చర్చి పెద్ద) చూసుకోవాలి అన్నది మధ్యయుగాల నాటి కట్టుబాటు. అందుకు ప్రతిఫలంగా రెక్టర్‌కు ఊరి పంటలో దశమభాగం, గ్లీబ్ అనే చర్చి మాన్యం దక్కేవి. చాలా ఊళ్ళలో ఆ రెక్టర్ హోదా మఠాల చేతిలో ఉండేది. 1530లలో ఎనిమిదో హెన్రీ మఠాలను మూయించాక వాటి ఆస్తులు మామూలు మనుషుల చేతికి అమ్ముడుపోయాయి. భూమితో పాటు చాన్సెల్ బాగుచేయించే బాధ్యత కూడా వెళ్ళింది. తర్వాత ఎన్‌క్లోజర్ల కాలంలో, అంటే ఉమ్మడి పొలాలకు కంచెలు వేసి విడివిడిగా పంచిన కాలంలో, ముఖ్యంగా 18, 19 శతాబ్దాల్లో, దశమభాగం బదులు కొన్ని పొలాలు విడిగా కేటాయించారు. ఆ పొలాలకూ అదే బాధ్యత అంటుకుంది. మాన్యం అనుభవించేవాడు సేవ చెయ్యాలన్న మన సర్వీసు ఇనాముల సూత్రమే ఇది. తేడా ఏమిటంటే, ఇక్కడ దశమభాగం ఎప్పుడో పోయింది, సేవ మాత్రం మిగిలింది.

ఆ పొలాలు ముక్కలై, ప్లాట్లై, వాటి మీద ఇళ్ళు లేచాయి. కాబట్టి చర్చికి మైలు దూరంలో నిన్నమొన్న కట్టిన ఎస్టేట్‌లోని ఇంటికీ ఈ బాధ్యత ఉండొచ్చు, చర్చి గోడ పక్కనే ఉన్న నాలుగు వందల ఏళ్ళ కాటేజీకి లేకపోవచ్చు. వీధి పేరులో గ్లీబ్ అనో రెక్టరీ అనో ఉందని భయపడనక్కర్లేదు, లేదని ధైర్యపడనూ కూడదు. యజమాని మతంతో దీనికి సంబంధం లేదు. బాధ్యత మనిషిది కాదు, ఆ భూమి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది. స్కాట్లండ్‌లో, ఉత్తర ఐర్లండ్‌లో ఇల్లు కొనేవాళ్ళకు ఈ గొడవే లేదు.

ఇది కాగితాల మీద మిగిలిన పాత ముచ్చట కాదని తేల్చింది వార్విక్‌షైర్‌లోని ఆస్టన్ కాంట్లో కేసు. అక్కడి గ్లీబ్ ఫామ్ యజమానులకు 1994లో ఆ ఊరి చర్చి వ్యవహారాలు చూసే పారిష్ చర్చి కౌన్సిల్ నోటీసు పంపింది. మరమ్మతులకు 95,260 పౌండ్లు కట్టమంది. ఆ బాధ్యతకు మూలం 1743 నాటి ఎన్‌క్లోజర్‌లో కేటాయించిన ఒకే ఒక్క పొలం. 2001లో అప్పీలు కోర్టు యజమానుల పక్షాన తీర్పు చెప్పింది. 2003 జూన్‌లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్ని తిరగేసింది. 2007లో హైకోర్టు లెక్క కట్టిన మరమ్మతుల మొత్తం దాదాపు 1,87,000 పౌండ్లు, దానిపై వ్యాట్ అదనం. కోర్టు ఖర్చులు మళ్ళీ వేరే. చివరికి ఫామ్ అమ్మేయాల్సి వచ్చింది. ఈ కేసు నుంచి కొనుగోలుదారు గుర్తుంచుకోవలసింది ఒకటుంది: ఈ బాధ్యతకు పొలం విలువ గానీ దాని ఆదాయం గానీ గరిష్ఠ పరిమితి కాదు. ఎన్‌క్లోజర్ భూముల విషయంలో బాధ్యత ఉమ్మడిది కూడా. అంటే ఆ పాత పొలం మీద ఇప్పుడు ముప్పై ఇళ్ళున్నా, చర్చి వాటిలో ఒక్కరినే పట్టుకుని మొత్తం అడగొచ్చు. మిగతా ఇరవై తొమ్మిది మంది దగ్గర వాటా రాబట్టుకోవడం ఆ ఒక్కరి తిప్పలు.

ఇప్పుడు ఆ తేదీ సంగతి. 2013 అక్టోబరు 12 వరకు ఈ బాధ్యత ల్యాండ్ రిజిస్ట్రీ పుస్తకంలో ఎక్కకపోయినా కొన్నవాళ్ళను కట్టిపడేసేది. మన ఈసీలో కనబడని తాకట్టు లాంటిది అనుకోండి. మరుసటి రోజు నుంచి పద్ధతి మారింది. చర్చి తన హక్కును రిజిస్టర్‌లో నోటీసుగా నమోదు చేయించుకోవాలి. నమోదు లేని ఇంటిని ఆ తేదీ తర్వాత డబ్బిచ్చి కొని, తన పేర రిజిస్టర్ చేయించుకున్నవాళ్ళకు ఆ బాధ్యత అంటదు. ఒకసారి అలా తెగిపోయాక తర్వాతి యజమానులకూ అంటదు. "డబ్బిచ్చి" అన్న మాట ముఖ్యం. వారసత్వంగా వచ్చిన ఇల్లు, తల్లిదండ్రులు బహుమతిగా రాసిచ్చిన ఇల్లు ఈ రక్షణ కిందికి రావు.

దీన్నిబట్టి ఎవరైనా పది నిమిషాల్లో తమ పరిస్థితి తేల్చుకోవచ్చు. ల్యాండ్ రిజిస్ట్రీ వారి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో టైటిల్ రిజిస్టర్ కాపీ ఏడు పౌండ్లకు దొరుకుతుంది. ప్రభుత్వ సైట్‌లాగే కనబడి నాలుగింతలు వసూలు చేసే మధ్యవర్తి సైట్లున్నాయి, చూసి వెళ్ళండి. కొనబోయే ఇంటికైతే సొలిసిటర్ దగ్గర ఈ కాపీ ఎలాగూ ఉంటుంది, అడిగి తీసుకుంటే చాలు. అందులో మూడు భాగాలుంటాయి. 'బి' భాగంలో ప్రస్తుత యజమాని ఏ తేదీన నమోదయ్యారో, ఎంతకు కొన్నారో ఉంటుంది. 'సి' భాగం చార్జెస్ రిజిస్టర్. చాన్సెల్ నోటీసు ఉంటే అక్కడే కనబడుతుంది. 'సి'లో ఏమీ లేదు, 'బి'లో 2013 అక్టోబరు తర్వాత ధరతో సహా కొనుగోలు ఉంది అంటే ఆ ఇంటి పీడ విరగడైనట్టే. యజమాని చేతికి బహుమతిగా వచ్చి ఉంటే, అంతకు ముందు ఎవరైనా ఆ తేదీ తర్వాత కొన్నారేమో ల్యాండ్ రిజిస్ట్రీ ఉచితంగా ఇచ్చే ప్రైస్ పెయిడ్ డేటాలో వెతకండి. 1995 నుంచి జరిగిన అమ్మకాలు అందులో ఉంటాయి, బహుమతులు ఉండవు.

ఇక మార్కెట్లో అమ్ముతున్న సరుకు. రెండు రకాలు.

మొదటిది స్క్రీనింగ్ సెర్చ్. చాన్సెల్‌చెక్ పేరు ఎక్కువమంది వినే ఉంటారు. పాత పారిష్ (చర్చి పరిధి) సరిహద్దుల పటం మీద మీ పోస్ట్‌కోడ్ పెట్టి, ఆ పారిష్‌లో ఇలాంటి బాధ్యతకు అవకాశం ఉందా లేదా అని చెబుతుంది. లేదంటే ఒక సర్టిఫికెట్ వస్తుంది. ఉందంటే "రిస్క్ ఉండొచ్చు" అన్న ఒక్క మాట వస్తుంది. మీ ప్లాట్ ఆ భూమిలో ఉందో లేదో అది చెప్పదు. అది తేలాలంటే లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో దశమభాగాల పటాలు, ఎన్‌క్లోజర్ అవార్డులు, 1936 టైథ్ (దశమభాగం) చట్టం కింద తయారైన రికార్డులు తిరగెయ్యాలి. అది నిపుణుల పని, ఖర్చూ ఎక్కువ. నా దృష్టిలో మామూలు ఇంటికి స్క్రీనింగ్ సెర్చ్ బలహీనమైన సరుకు. జవాబు "లేదు" అని వస్తే మంచిదే. "ఉండొచ్చు" అని వస్తే ఎలాగూ పాలసీ కొనాలి, అంటే రెండుసార్లు డబ్బు. అప్పుడు పాలసీ కూడా కొంత ఖరీదు కావచ్చు, ఎందుకంటే సెర్చ్ చేయకుండా తీసుకునే చవక పాలసీకి తలుపు అప్పటికే మూసుకుపోయి ఉంటుంది.

రెండోది ఇండెమ్నిటీ పాలసీ. ఒక్కసారే ప్రీమియం, అందులో 12 శాతం ఇన్సూరెన్స్ ప్రీమియం ట్యాక్స్ కలిసే ఉంటుంది. చర్చి డిమాండ్ చేసిన మరమ్మతు ఖర్చు, కోర్టులో వాదించడానికయ్యే ఖర్చు, ఆ బాధ్యత వల్ల ఇంటి మార్కెట్ విలువ పడిపోతే ఆ తేడా ఇది చెల్లిస్తుంది. మామూలు బిల్డింగ్స్ ఇన్సూరెన్స్ ఈ పని చెయ్యదు, ఆ రెండింటినీ కలపకండి. ధరకు వచ్చే రక్షణతో పోలిస్తే ఇది సొలిసిటర్ పట్టీలోని మంచి సరుకుల్లో ఒకటి. అయితే పాలసీలన్నీ ఒక్కలా ఉండవు. సొలిసిటర్ కంప్యూటర్‌లో ఒక బటన్ నొక్కితే వచ్చే పాలసీలో మీరు చూడాల్సినవి ఇవి.

కాలపరిమితి మొదట. కొన్ని 25 ఏళ్ళు, కొన్ని 35 ఏళ్ళు, కొన్ని శాశ్వతం. ధరలో తేడా కొద్దిగానే ఉంటుంది కాబట్టి శాశ్వతమైనదే అడగండి. మీ తర్వాత కొనేవాళ్ళకూ, వారసులకూ, లోన్ ఇచ్చిన బ్యాంకుకూ వర్తిస్తుందా అన్నది తర్వాత. వర్తించకపోతే అమ్మేటప్పుడు మళ్ళీ కొత్త పాలసీ గొడవ. రక్షణ మొత్తం విషయంలో చాలామంది ఇంటి ధర ఎంతో అంతకే తీసుకుంటారు. ఆస్టన్ కాంట్లో చెప్పింది గుర్తుంచుకోండి: రాతి కప్పు, సీసపు రేకులు, పాత కిటికీల మరమ్మతు ఖర్చు మీ ఇంటి ధర చూసుకుని ఆగదు. మూడు లక్షల ఇంటికైనా పది లక్షల పౌండ్ల పరిమితికి తేడా సాధారణంగా కొద్ది పౌండ్లే. పరిమితి ఏటా పెరిగే పాలసీ దొరికితే ఇంకా మేలు, ఎందుకంటే 30 ఏళ్ళ తర్వాతి తాపీ పని రేట్లు ఈనాటివి కావు.

ఆ తర్వాత మినహాయింపులు. ఇక్కడే పాలసీలు చెల్లకుండా పోతాయి. రిజిస్టర్‌లో అప్పటికే నోటీసు ఉంటే మామూలు పాలసీ పనికిరాదు. బాధ్యత ఉందని మీకు ముందే తెలిసి ఉంటే పనికిరాదు. చర్చితో గానీ, అక్కడి పురోహితుడైన వికార్‌తో గానీ, పారిష్ చర్చి కౌన్సిల్‌తో గానీ ఈ విషయం మీద మీరో మీ సొలిసిటరో మాట్లాడి ఉంటే పనికిరాదు. నిజాయితీగా కనుక్కుందామని వికార్‌కు ఈమెయిల్ పెట్టడం మంచి ఉద్దేశమే. కానీ ఆ ఒక్క ఈమెయిల్‌తో చవక పాలసీ చేజారిపోతుంది, పైగా నమోదు చేయించుకోవాలన్న ఆలోచన వాళ్ళకు కొత్తగా పుట్టొచ్చు. ఎక్స్‌టెన్షన్, లాఫ్ట్ కన్వర్షన్, ఇంటిని గదులుగా అద్దెకివ్వడం లాంటివి మనసులో ఉంటే ముందే చెప్పి రాయించుకోండి. కొన్ని పాలసీలు ఒకే నివాసగృహం, ఉన్నది ఉన్నట్టు వాడకం అన్న షరతు మీదే నడుస్తాయి. ఇంటికీ గ్యారేజీకీ, ఇంటికీ వెనక పెరడుకూ వేర్వేరు టైటిల్ నంబర్లుంటే అన్నీ పాలసీలో ఎక్కాలి. ఒక్కటి వదిలేసినా, బాధ్యత సరిగ్గా ఆ ముక్కకే అంటుకుని ఉంటే పాలసీ గాలికి పోతుంది.

పాలసీ ఏ రోజు నుంచి మొదలవుతుందో అడగండి. కంప్లీషన్ (డబ్బు కట్టి ఇల్లు స్వాధీనం చేసుకునే) రోజున మొదలయ్యే పాలసీ కంటే ఎక్స్‌చేంజ్ (సంతకమైన ఒప్పందాలు మార్చుకునే) రోజునే మొదలయ్యేది మేలు. ఎక్స్‌చేంజ్ అయ్యాక మీరు వెనక్కి తగ్గలేరు, ఆ మధ్య రోజుల్లో ఏదైనా బయటపడితే అప్పుడు పాలసీ ఇచ్చేవాళ్ళుండరు.

సొలిసిటర్ అడగకుండానే సెర్చ్, పాలసీ రెండూ పట్టీలో పెట్టడం తరచూ కనబడే తప్పు. 2019లోనో 2022లోనో అమ్మకందారు కొన్న ఇంటికి, శుభ్రమైన 'సి' భాగం ఉన్నా, రెండూ వేస్తారు. "లెండర్ (లోన్ ఇచ్చే బ్యాంకు) అడుగుతారు" అంటే, లెండర్ సూచనల్లో ఏ వాక్యం అడుగుతోందో చూపించమనండి. మర్యాదగా అడిగితే చాలాసార్లు ఒకటి తీసేస్తారు.

అలాంటప్పుడు ఆ ఒక్క పాలసీ కూడా ఎందుకు అని అడగొచ్చు. చట్టం రాతను బట్టి చూస్తే 2013 తర్వాత కొని, శుభ్రంగా నమోదైన ఇంటికి అక్కర్లేదు. కానీ ఈ బాధ్యత భూమికి అంటిన హక్కు కిందికి వస్తుందా, లేక యజమాని వ్యక్తిగత బాధ్యతా, 2013 మార్పుకు ఆధారమైన 2002 ల్యాండ్ రిజిస్ట్రేషన్ చట్టం దాన్ని నిజంగా తెంచిందా అని న్యాయనిపుణుల్లో ఒక సందేహం మిగిలే ఉంది. ఆ సందేహాన్ని తీర్చడానికే ఇంగ్లండ్, వేల్స్ లా కమిషన్ ఒక ప్రాజెక్టు చేపట్టింది. పదిహేను ఇరవై పౌండ్లకు ఆ సందేహం భారం ఇన్సూరర్ మీద పెట్టడం తప్పేమీ కాదు. యాభై పౌండ్లు, పైన సెర్చ్ అంటే మాత్రం ఒప్పుకోవద్దు.

నిజంగా కావలసినవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు. 2013 అక్టోబరుకు ముందే ఇల్లు కొని ఇప్పటికీ అందులోనే ఉంటున్నవాళ్ళు. రెండు వేల దశకంలో ఐటీ ఉద్యోగాలకు, ఎన్‌హెచ్‌ఎస్‌కు వచ్చి రెడింగ్‌లోనో, మిల్టన్ కీన్స్‌లోనో, బర్మింగ్‌హామ్ చుట్టుపక్కలో ఇల్లు కొనుక్కున్న మన తెలుగువాళ్ళలో ఇలాంటివాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళ ఇల్లు ఆ తేదీ తర్వాత డబ్బుకు చేతులు మారలేదు కాబట్టి, చర్చికి హక్కు ఉంటే ఈ రోజు కూడా వెళ్ళి నోటీసు వేయించుకోవచ్చు. ముందు కొన్నప్పటి పాత ఫైల్ తెరిచి చూడండి. ఆ కాలంలో సొలిసిటర్లు ఈ పాలసీలు బాగానే తీయించేవారు, 25 ఏళ్ళ పాలసీ ఒకటి అందులో పడి ఉండొచ్చు. లేకపోతే, ఇప్పటికే యజమానులైనవాళ్ళకు పాలసీ ఇచ్చే ఇన్సూరర్లను రీమార్ట్‌గేజ్ (ఇంటి లోన్ కొత్తదానికి మార్చుకునే) సమయంలో సొలిసిటర్ ద్వారా కనుక్కోండి. పిల్లల పేరున ఇల్లు రాసివ్వాలనుకుంటున్నవాళ్ళు రాతకోతలకు ముందే ఈ పని పూర్తి చేసుకోవాలి.

ఇంతవరకూ ల్యాండ్ రిజిస్ట్రీలో చేరని పాత ఇల్లో, పొలమో, ఇల్లుగా మార్చిన ధాన్యపు కొట్టమో కొంటుంటే ఒక జాగ్రత్త ఎక్కువ. అక్కడ చర్చి నోటీసు వెయ్యలేదు, ఫస్ట్ రిజిస్ట్రేషన్‌కు వ్యతిరేకంగా కాషన్ (హెచ్చరిక) వేసి ఉంచుతుంది. ఇండెక్స్ మ్యాప్ సెర్చ్‌లో అది బయటపడుతుంది. అలాంటి ఆస్తికి పాలసీ తీసుకోమనే చెబుతాను, ధర కాస్త ఎక్కువైనా. ఏ ఇల్లు కొన్నా, కంప్లీషన్‌కు ముందు సొలిసిటర్ వేసే ఓఎస్1 సెర్చ్ 30 పనిదినాల ప్రాధాన్యం ఇస్తుంది. ఆ గడువులోగా మీ పేర రిజిస్ట్రేషన్ దరఖాస్తు వెళ్ళాలి. వెళ్ళకపోతే మధ్యలో దూరిన నోటీసు మీకు తగులుకుంటుంది. ఆ దరఖాస్తు వెళ్ళిన తేదీ సొలిసిటర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

'సి' భాగంలో నోటీసు ఉన్న ఇల్లే నచ్చితే? దాక్కోవడానికి ఏమీ లేదు కాబట్టి ఇప్పుడు చర్చితో మాట్లాడొచ్చు. పాత చర్చిలకు ఐదేళ్ళకోసారి ఆర్కిటెక్ట్ తనిఖీ జరుగుతుంది. తాజా రిపోర్టు అడిగి తీసుకోండి, చాన్సెల్ కప్పుకు ఎంత పని పడబోతోందో అందులో ఉంటుంది. నోటీసు ఏకపక్షంగా వేసినదైతే ఇంటి యజమాని యూఎన్4 ఫారంతో దాన్ని రద్దు చేయమని అడగొచ్చు. చర్చికి 15 పనిదినాల గడువుంటుంది, వాళ్ళు అభ్యంతరం చెప్పి రాజీ కుదరకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్తుంది. ఆ పని అమ్మకందారుతో చేయించండి, మీరు కొన్నాక కాదు. ఇంకో దారి, 1923 నాటి చర్చి చట్టం కింద ఒకేసారి ఒక మొత్తం కట్టి బాధ్యతను శాశ్వతంగా వదిలించుకోవడం. దాన్ని కాంపౌండింగ్ అంటారు, డయాసిస్ (బిషప్ పరిధి) అధికారులు లెక్క కడతారు. ఆ లెక్క ఇంటి ధరలోంచి తగ్గించమని అడగడం న్యాయమే. ఇన్ని చేసినా నోటీసు పోకపోతే, తెలిసిన రిస్క్‌కు విడిగా రాసే పాలసీ కోసం బ్రోకర్ దగ్గరికి వెళ్ళాలి. దొరుకుతుందన్న హామీ లేదు.

ఒకవేళ పాలసీ ఉండగా చర్చి నుంచి ఉత్తరం వస్తే జవాబు రాయకండి, ఫోన్ చెయ్యకండి, కొంత కడతామని మాట ఇవ్వకండి. 1932 చట్టం ప్రకారం మరమ్మతు నోటీసు అందిన నెల తర్వాత చర్చి కోర్టుకు వెళ్ళగలదు కాబట్టి, ఉత్తరం కాపీని అదే రోజు పాలసీ నంబరుతో ఇన్సూరర్‌కు పంపండి. మీరు సొంతంగా ఒప్పుకున్న బాధ్యతకు వాళ్ళు డబ్బివ్వరు. అందుకే పాలసీ కాగితం సొలిసిటర్ ఫైల్‌లో వదిలేయకుండా, ఒక కాపీ మీ ఈమెయిల్‌లో, ఒకటి ఇంటి పత్రాలతో పాటు పెట్టుకోండి. ఆరేడేళ్ళకు సొలిసిటర్ సంస్థే మూతపడినా పాలసీ చేతిలో ఉంటుంది.